వానల్లో పచ్చికర్ర ముక్కలు త్వరగా ఆరాలంటే: మైక్రోవేవ్, బియ్యం, ఉప్పు, బల్బు పెట్టె

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసన్నపేటలో ఉంటున్నావు. పక్క ఊళ్లో గాలికి కూలిన పనస చెట్టు కొమ్మలు దొరికాయి. శ్రావణంలో హైదరాబాదులో జరిగే పెళ్లికి 60 చెక్క గరిటెలు రిటర్న్ గిఫ్టులుగా పంపాలి. చేతిలో 12 రోజులే ఉన్నాయి, బయటేమో ముసురు. మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా, బియ్యం డబ్బాలో పూడ్చొచ్చా, ఉప్పు నీరు లాగేస్తుందా, స్పిరిట్‌లో నానబెట్టమంటున్నారు, అది నిజమేనా అని అడిగావు.

అవుతుంది. మొద్దుగా ఆరబెడితే అవదు, గరిటెగా ఆరబెడితే అవుతుంది. విజయనగరంలో 30 ఏళ్లకు పైగా కర్రతోనే బతుకుతున్నాను. ఈ ఒక్క మాట అర్థం కావడానికి నాకు అందులో పదేళ్లు పట్టింది. అందరూ వేడి గురించే అడుగుతారు, మందం గురించి ఎవరూ అడగరు. లోపలి తడి పైకి రావడానికి పట్టే సమయం ఇంచుమించు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మందం సగం చేస్తే సమయం పావుకు దిగుతుంది. రెండంగుళాల దిమ్మని నెల రోజులు కాపు కాసి ఎండబెట్టే బదులు, ఈరోజే దాన్ని గరిటె ఆకారానికి దగ్గరగా మలిచేసి, అన్ని వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి ఆరబెట్టు. సగం పని అక్కడే అయిపోతుంది. పైగా పచ్చి పనస ఉలికి వెన్నలా తెగుతుంది. ఆరాక చేవ, అంటే లోపలి ముదురు కర్ర, గట్టిపడి నీ మణికట్టుకి పరీక్ష పెడుతుంది.

మలిచేటప్పుడు ఒకటి చూసుకో. కొమ్మకి నడిబొడ్డున ఉండే మెత్తని చుక్క ఏ గరిటెలోనూ ఉండకూడదు. కర్ర ఆరేటప్పుడు వలయాల వెంబడి ఎంత కుంచించుకుంటుందో, నడిమి నుంచి బెరడు వైపుకి అందులో ఇంచుమించు సగమే కుంచించుకుంటుంది. పొడవునా అయితే దాదాపు ఏమీ తగ్గదు. ఆ తేడాకి ఎక్కడో ఒకచోట తెగాలి కదా, నడిబొడ్డు చుక్క ఉన్న ముక్క అక్కడి నుంచి బయటికి బీట విచ్చుతుంది. ఏ మందూ ఏ మాయా దాన్ని ఆపలేదు. కొమ్మని నిలువునా చీల్చి, ఆ చుక్క ఉన్న భాగం తీసి పొయ్యికి వేసేయ్.

ఇక ఎంత ఆరిందో తెలియడానికి కాటా. వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొను. తేమ మీటర్లు బానే ఉంటాయిగానీ, సూదులు గుచ్చే రకం ఎక్కువగా పైపొర సంగతే చెబుతుంది. లోపల తడి ఉండిపోతే నిన్ను మోసం చేస్తుంది. కాటా మోసం చేయదు. లెక్క ఇలా: గరిటెలు కోసిన కర్రలోంచే ఒక తుంటముక్క తీసుకుని తూచు, 84 గ్రాములు ఉందనుకో. దాన్ని ఓవెన్‌లో నూటమూడు డిగ్రీల దగ్గర, తూకం ఇక తగ్గదు అనేదాకా ఆరబెట్టు. 52 దగ్గర ఆగిందనుకో. పోయిన నీరు 32 గ్రాములు, దాన్ని 52తో భాగిస్తే ఇంచుమించు 62 శాతం తేమ. అదే కర్రలోంచి వచ్చిన నీ ముక్క ఈరోజు 310 గ్రాములుంటే, నీరు అసలు లేకుండా దాని బరువు సుమారు 192 గ్రాములు. 12 శాతం తేమకి రావాలంటే కాటా 215 చూపించాలి. ప్రతి గరిటె కాడ మీద పెన్సిల్‌తో ఈ చివరి అంకె రాసెయ్. అక్కడినుంచి ఊహాగానాలు ఉండవు, ఆ అంకె వచ్చిందా లేదా అంతే.

12 అన్నానుగానీ నీ గరిటెలు వెళ్లేది హైదరాబాదు. మన శ్రీకాకుళం తీరంలో వానాకాలం గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు, కర్రని ఎన్నాళ్లు అలా వదిలేసినా 15, 16 శాతం దగ్గర ఆగిపోతుంది, అంతకు కిందికి దిగదు. ఏసీ గదిలో తేమ 50 శాతం ఉంటే అదే కర్ర 9 శాతం దాకా దిగుతుంది. ఇక్కడ 'ఆరిపోయింది' అని పంపిన సామాను అక్కడ మళ్లీ కుంచించుకునేది అందుకే. నువ్వు 10 దగ్గరికి తెచ్చుకో, అంటే ఇందాకటి లెక్కలో కాడ మీద 215 బదులు 211 రాసుకో.

ఇప్పుడు నీ చిట్కాలు ఒక్కొక్కటీ.

బియ్యం గురించి చాలామంది అడుగుతారు. నీళ్లలో పడ్డ ఫోనుకి చేసిన వైద్యమే కర్రకీ చేద్దామని. దుకాణం నుంచి తెచ్చిన బియ్యంలోనే 13 శాతం తేమ ఉంటుంది. తానే తడిగా ఉన్నది ఎదుటివాడి తడిని ఎంత లాగుతుంది? వానాకాలం మూత తీసి ఉంచితే అదే ఇంకా పీల్చుకుంటుంది. అయితే ఇక్కడో మెలిక ఉంది. మన పెద్దవాళ్లు నాగలి చెక్కలకీ గొడ్డలి కాడలకీ పచ్చికర్ర కోసి వడ్ల గాదెలో గుచ్చేవాళ్లు. అది త్వరగా ఆరడానికి కాదు, నెమ్మదిగా ఆరడానికి. చుట్టూ వడ్లు ఉంటే గాలి తగలదు, పైపొర తొందరపడి ఎండదు, బీటలు రావు. నీకు ఆరునెలలుంటే నేనూ అదే చెబుదును. 12 రోజులకి మాత్రం బియ్యమూ పాడు, కర్రా పాడు. పచ్చి పనస పక్కన బియ్యం బూజు పట్టిందంటే ఇంట్లో నీకు అన్నం పెట్టేవాళ్లుండరు.

ఉప్పు సంగతి ఇంకా తమాషా. నౌపడ మీకు ఎంత దూరం? ఆ ఉప్పుమడుల దగ్గర వానాకాలంలో గోతాల్లో ఉప్పు ఎలా చెమటలు పడుతుందో ఎప్పుడైనా చూడు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తానే నీరై కారుతుంది. మన దగ్గర జూలైలో అది రోజూ దాటుతుంది. అలాంటి ఉప్పులో ముక్క పూడిస్తే ఆ ఉప్పునీరు కర్రలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత ఆ గరిటె జన్మంతా ముసురు పట్టిన ప్రతిసారీ తడిబారుతూనే ఉంటుంది, నూనె రాస్తే పట్టదు, దగ్గర్లో మేకు ఉంటే తుప్పు. వద్దు.

స్పిరిట్‌లో నానబెడితే అది నీటి చోటులోకి వెళ్లి, తాను త్వరగా ఆవిరైపోతుందని లేతు మీద కర్రని తిప్పుతూ చెక్కేవాళ్లలో ఒక నమ్మకం ఉంది. నేనూ పదిసార్లు చేశాను, పక్కనే నానబెట్టని ముక్కలు పెట్టుకుని తూచాను కూడా. చెప్పుకోదగ్గ తేడా నాకు కనపడలేదు. ఆ డబ్బాల్లో వచ్చేది తాగరాని విషం కలిపిన సారా, అన్నంలో పెట్టే గరిటెకి ఎందుకది? మంట సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మైక్రోవేవ్ మాత్రం పనిచేస్తుంది. చాలా బాగా పనిచేస్తుంది, అందుకే దాని గురించి భయపెట్టాలి. ఎండైనా పొయ్యైనా కర్రని బయటినుంచి వేడి చేస్తాయి, పైన ముందు ఎండి లోపల తడి చిక్కుకుంటుంది. మైక్రోవేవ్ లోపలి నీటినే వేడి చేస్తుంది. ఆవిరి లోపలినుంచి బయటికి తోసుకుని వస్తుంది, ముక్క కొసల దగ్గర బుసబుసమని నీటి బుడగలు కనిపిస్తాయి. సన్నని ముక్కలకి ఇంతకంటే మంచి దారి లేదు. కానీ వేడి ఎక్కువైతే ఆ ఆవిరికి బయటికి రావడానికి తోవ చాలక కర్రని చీల్చుకుని వస్తుంది. నీరు అయిపోయాక ఇంకా తిప్పితే, లోపలి కర్రే కాలడం మొదలవుతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు.

నాకు ఇది పుస్తకంలో చదివి తెలిసింది కాదు. ఒకసారి మామిడి గిన్నె ఒకటి 'ఇంకో రెండు నిమిషాలు' అని పెట్టి ఫోను మాట్లాడ్డానికి వెళ్లాను. వచ్చేసరికి పెట్టెలోంచి పసుపుపచ్చని పొగ. కంగారులో తలుపు తీశాను. గాలి తగలగానే గిన్నె నడిమిలోంచి మంట లేచింది. ఆ మైక్రోవేవ్ మా ఆవిడ పుట్టింటివాళ్లు ఇచ్చినది. ఇప్పుడది నా పనిచోట ఉంది, ఇంట్లోకి కొత్తది నేనే కొన్నాను. కాబట్టి పొగ కనిపిస్తే తలుపు తీయకు, స్విచ్ ఆపి ప్లగ్గు పీకి, పొగ అణిగేదాకా అలా ఉండనీ. ఇంట్లో పాలు కాచుకునే పెట్టె వాడకు, పాతది ఒకటి కొనుక్కో.

పద్ధతి: తక్కువ పవరు, డీఫ్రాస్ట్ అని ఉంటుంది చూడు, అది. ముక్కని పాత న్యూస్ పేపర్లో వదులుగా చుట్టి ఒక నిమిషం. తీసి, పేపరు మార్చి, చేతితో పట్టుకుంటే గోరువెచ్చగా అనిపించేదాకా 15, 20 నిమిషాలు చల్లారనీ. తూచు. మళ్లీ నిమిషం. మొదట్లో ప్రతిసారీ మూడు నాలుగు గ్రాములు తగ్గుతుంది, తర్వాత ఒకటి, అర. తగ్గడం బాగా మందగించి, కాడ మీద రాసిన అంకెకి అయిదారు గ్రాముల దూరంలోకి వచ్చావంటే ఆపేయ్. మిగిలింది గాలికి వదిలెయ్. మందం అంగుళం దాటితే అసలు పెట్టకు. గన్నేరు కర్ర అయితే మైక్రోవేవ్‌లోనే కాదు, ఇంటి ఛాయల్లోకే తేకు, ఆ చెట్టు ఒళ్లంతా విషం.

కానీ 60 గరిటెలకి ఒక్కొక్కటీ మైక్రోవేవ్‌లో తిప్పుతూ కూర్చుంటే నీకు జ్వరం వస్తుంది. అందుకని నేను నమ్ముకునేది బల్బు పెట్టె. చెడిపోయిన పాత ఫ్రిజ్ పాత సామాను కొట్లో దొరుకుతుంది, దాని డొల్ల చాలు. అడుగున పాత రకం 60 వాట్ల బల్బు ఒకటి. ఇప్పుడు మామూలు దుకాణాల్లో దొరక్కపోతే కోడిపిల్లలకి వెచ్చదనం కోసం పెట్టే బల్బులు కోళ్ల మేత అమ్మేచోట అడుగు. ఎల్ఈడీ పనికిరాదు, దానికి అంత వేడి ఉండదు. అడుగున ఒక బెజ్జం, పైన ఒక బెజ్జం, పాత కంప్యూటర్‌లోంచి తీసిన చిన్న ఫ్యాను. బల్బుకి ముక్కలు జానెడు దూరంలో, ఇనుప జాలీ మీద. రోజంతా వెలిగినా ఒకటిన్నర యూనిటు కరెంటు.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, వేడి కర్రని కాల్చడం వల్ల కాదు. బయట 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న ముసురు గాలి పెట్టెలోకి వచ్చి 42 డిగ్రీలకి వేడెక్కితే, అందులోని నీరు అంతే ఉన్నా, దాని తేమ శాతం 40 దగ్గరికి పడిపోతుంది. శ్రీకాకుళం ఆషాఢం గాలి పెట్టెలోపల రాజస్థాన్ గాలి అయిపోతుందన్నమాట. ఆ గాలిలో కర్ర 7 శాతం దాకా దిగగలదు. అందుకే 60, 70 డిగ్రీలు అక్కర్లేదు, 42 చాలు. థర్మామీటరు ఒకటి వేలాడదీసుకో.

ఆరేడు డిగ్రీలు అటూ ఇటూ అయితే పర్లేదుగానీ, మొదటి రెండు రోజులు పై బెజ్జం ముప్పాతిక మూసి ఉంచడం మరిచిపోకు. పెట్టెలో కాస్త ఉక్కగా ఉండాలి. మొదటిరోజే జోరుగా ఆరబెడితే పైపొర ఎండి బిగుసుకుపోతుంది, లోపలి తడి దాన్ని దాటి రాలేక అక్కడే ఉండి, తర్వాత అది కుంచించుకునేటప్పుడు లోపల గూళ్లు గూళ్లుగా చీలుతుంది. పైకి చూస్తే నున్నగా ఉంటుంది, కోస్తే తేనెపట్టు.

దీనికి ఒక కథ ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస నేలకూలిపోయాయి. నీకూ గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత పనస దుంగలు కారుచవక. పలాస జీడి కార్ఖానాలో పనిచేసే స్నేహితుడొకడు, 'మా బోర్మా రాత్రిపూట ఖాళీయే కదా, పెట్టుకో' అన్నాడు. జీడిపిక్కలు కొట్టాక పప్పుని ఆరబెట్టే వేడి గది అది, పప్పు పొట్టు ఊడడానికి 60, 70 డిగ్రీల వేడి పెడతారు. పప్పు తీసేసిన తర్వాత ఆ మిగులు వేడిలో నా ముక్కలు పెట్టాం. వేలెడు మందం ఉన్న మూతలు మూడు రాత్రుల్లో బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ సంబరంలో మూడంగుళాల దిమ్మలు కూడా పెట్టాను. అవీ పైకి బంగారంలా వచ్చాయి. లేతు మీద ఎక్కించి ఉలి పెట్టగానే లోపలినుంచి ఒక చెక్క ఊడి నా నుదుటికి తగిలింది. మా వడ్రంగి గురువు చూసి నవ్వాడు: 'తొందర నీకు గానీ కర్రకి నేదురా బావూ.' మీ ఊరికి పలాస దగ్గరే, తెలిసినవాళ్లుంటే బోర్మా అడుగు, సన్నని ముక్కలకి మాత్రమే.

ఉడకబెట్టడం నువ్వు అడగలేదుగానీ పనసకి నేను అదే మొదట చేస్తాను. ఆరబెట్టాల్సిన దాన్ని నీళ్లలో ఉడకబెట్టడమేంటి అంటారు అందరూ. అంగుళం మందానికి గంట చొప్పున, మరిగే నీళ్లలో. కర్రలోని బిగువు సడలుతుంది, పాలు, పిండి పదార్థం బయటికి వస్తాయి, పురుగు గుడ్లుంటే చస్తాయి. తీసిన తర్వాత ముక్క ముందుకంటే తక్కువ పగులుతుంది, తొందరగా కూడా ఆరుతుంది. మన ఊళ్లలో దూలాలు చెరువులో నెలల తరబడి మునగబెట్టేవాళ్లే, అదే పని నెమ్మదిగా. నీళ్లు మాత్రం పసుపు కలిపినట్టు అయిపోతాయి, చేవలోని రంగు అది. థాయ్‌లాండ్ అడవుల్లోని భిక్షువులు తమ వస్త్రాలకి పనస చేవ రంగే వేసుకుంటారు. కాబట్టి మీ అమ్మగారి అన్నం గిన్నె వాడకు, తెల్ల తువ్వాలు దగ్గర పెట్టకు. గరిటె రంగు ఒక పిసరు తగ్గుతుంది, నూనె రాశాక మళ్లీ పైకి వస్తుంది.

చివరి రెండు మూడు శాతం దిగడానికి సిలికా జెల్, అంటే చెప్పుల పెట్టెల్లో చిన్న పొట్లాల్లో వచ్చే తేమ పీల్చే గింజలు, బాగుంటుంది. కిలో జెల్ పావుకిలో దాకా నీరు పడుతుంది. అందుకే మొదట్లో వాడితే లెక్క చాలదు: ఇందాకటి 310 గ్రాముల ముక్క ఒక్కటే 99 గ్రాముల నీరు వదలాలి. పది ముక్కలకే నాలుగు కిలోల జెల్ కావాలి. ఆఖర్లో అయితే రెండు కిలోలతో సరిపోతుంది. నీలం రకం గింజలు తడి పట్టి గులాబీ రంగుకి తిరిగినప్పుడు 120 డిగ్రీల్లో కాల్చి మళ్లీ నీలం చేసుకోవచ్చు. దానికి బదులు కాల్చిన రాతి సున్నం డబ్బా అడుగున వేసి పైన జాలీ మీద ముక్కలు పెట్టేవాళ్లనీ చూశాను. నీరు బాగా లాగుతుంది, కానీ కంట్లో పడితే కన్ను పోతుంది, కర్రకి తగిలితే మచ్చ పడుతుంది. తుమ్మ అయితే నల్లబడుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లదీ పనసే కదా, వాళ్లెలా ఆరబెడతారో కనుక్కుంటాను అని రాశావు. తప్పకుండా వెళ్లి చూడు. కానీ వాళ్లు ఒకే దుంగలోంచి మొత్తం ఏకాండి వీణ తొలుస్తారు. నాదం పలకాల్సిన కర్ర అది. నీ గరిటె పప్పు కలపాలి, అంతే. వాళ్ల ఓపిక నీ పనికి కొలతగా పెట్టుకోకు, నీ తొందర వాళ్ల పనికి సలహాగా చెప్పకు.

ఇక నీ 12 రోజులు. ఈరోజు, రేపు మలచడం. 60 కావాలంటే 75 మలుచు, పదో పన్నెండో వంకరపోతాయి, దానికి ఏడవకు. మూడో రోజు ఉడకబెట్టి, నీడలో ఫ్యాను కింద, కాడ కొసలకి ఫెవికాల్ పూసి ఒక రాత్రి. కొసల దగ్గర తడి పక్కలకంటే పది రెట్ల పైగా వేగంగా పోతుంది, అందుకే ముందు అక్కడే చీలుతుంది. ఫెవికాల్ లేకపోతే పేడ పూసినా అదే పని, మన తాతలు చేసిందే. నాలుగో రోజు నుంచి తొమ్మిదో రోజు దాకా బల్బు పెట్టె, రోజూ సాయంత్రం అయిదారు గరిటెలు తూచి పలక మీద రాసుకో. వెనకబడ్డవాటిని మైక్రోవేవ్‌లో నాలుగైదు విడతలు. పదో రోజు అన్నీ బయటపెట్టి, ఇంట్లో ఏసీ ఉంటే ఆ గదిలో, ఒక రోజు కుదురుకోనీ. పదకొండున చివరి చెక్కుడు, గరుకు కాగితం, నూనె. నువ్వుల నూనె వద్దు, వాసన తిరుగుతుంది. అవిసె నూనె పల్చగా రాసి తుడిచెయ్.

నూనె తడిసిన గుడ్డలు ముద్దచేసి మూలన పడేయకు, అవిసె నూనె గుడ్డ దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టు, లేదా నీళ్లలో ముంచు.

నువ్వు పెట్టిన ఫోటోలో ఎడమవైపు మూడో ముక్కకి నడిమి చుక్క స్పష్టంగా కనిపిస్తోంది, దాని పక్క ముక్కకి బెరడు కింద పురుగు పొడి ఉంది. ఆ రెండూ మిగతావాటి దగ్గర్నుంచి ఈ రాత్రికే తీసేయ్. తూకాలు రాసుకున్నాక నాలుగో రోజు అంకెలు ఇక్కడ పెట్టు, పెట్టె బెజ్జం ఎంత తెరవాలో చూసి చెబుతాను.